కుంచె తాకని బొమ్మలు

మాన్ రే అనగానే మన ఫొటోగ్రఫీ క్లబ్ వాళ్ళకి ఒక వీపు గుర్తొస్తుంది. ఆ వీపు మీద వయొలిన్‌కి ఉండేలాంటి రెండు గంట్లు. 1924 నాటి ఆ ఫొటో అసలు ప్రింటు 2022లో న్యూయార్క్ వేలంలో 1 కోటీ 24 లక్షల డాలర్లకి పోయింది. వేలంలో ఒక ఫొటోకి అప్పటిదాకా అంత ధర ఎప్పుడూ పలకలేదు. ఈ లెక్క వింటే ఆయన సంతోషించేవాడా అంటే నాకు అనుమానమే. బతికినన్నాళ్ళూ తాను పెయింటర్‌నని చెప్పుకున్నాడు. జనం మాత్రం ఫొటోగ్రాఫర్ అనే పిలిచారు.

నాకు ఆయన ఫొటోల దారిలో పరిచయం కాలేదు, రంగుల దారిలో అయ్యాడు. మా మోడల్ మేకింగ్ టీమ్ సన్న పని కోసం 0.2 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న ఎయిర్‌బ్రష్ కొనింది. కొన్నాక అసలు ప్రశ్న మొదలైంది: ఇందులో ఏ రంగు పొయ్యాలి? జవాబు వెతుక్కుంటూ పోతే 1919 నాటి ఒక బొమ్మ కింద, ఎయిర్‌బ్రష్‌తో గ్వాష్, ఇంకు అని రాసి కనబడింది. ఇప్పటి ఎయిర్‌బ్రష్ రంగులు ఒక్కటీ లేని రోజుల్లో ఈయన ఏం పోసి కొట్టాడు, ఎందుకు కొట్టాడు అన్న కుతూహలంతో మొదలుపెట్టి జీవితం మొత్తం చదివేశాను. అదే మీకు చెప్తున్నా. మధ్యలో రంగుల సంగతి కూడా వస్తుంది, ఎందుకంటే ఆయన కథలో నాకు బాగా నచ్చిన భాగం అదే.

ఆయన 1890 ఆగస్టు 27న అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పుట్టాడు. పెట్టిన పేరు ఇమాన్యుయేల్ రాడ్నిట్స్కీ. తల్లిదండ్రులు రష్యా నుంచి వలస వచ్చిన యూదులు. తండ్రి బట్టల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ఇంట్లో కూడా కుట్టుపని పెట్టుకున్నాడు. తల్లి ఇంటిల్లిపాదికీ బట్టలు తనే డిజైన్ చేసి కుట్టేది, మిగిలిన ముక్కల్ని అతికి దుప్పట్లు చేసేది. ఏడేళ్ళప్పుడు కుటుంబం న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కి మారింది. యూదుల పేర్లంటే చిన్నచూపు ఉన్న కాలం కాబట్టి 1912 ప్రాంతంలో ఇంటిపేరును రే అని కుదించుకున్నారు. ఇంట్లో మ్యానీ అని పిలిచే కుర్రాడు తన పేరును ఇంకా కత్తిరించి మాన్ రే అయిపోయాడు. తర్వాత జీవితంలో ఆ పాత పేరు ఎవరైనా ఎత్తితే ఇష్టపడేవాడు కాదు. కానీ దర్జీ ఇల్లు ఆయన్ని వదల్లేదు. ఇస్త్రీపెట్టె, కుట్టుమిషను, సూదులు, దారాలు, కాగితం మీద గీసి కత్తిరించే నమూనాలు ఆయన పనిలో ఎక్కడో ఒకచోట తేలుతూనే ఉంటాయి. గుడ్డ మీద కాగితం నమూనా పెట్టి చుట్టూ సుద్దతో గీయడం చూసి పెరిగిన పిల్లాడు, పెద్దయ్యాక స్టెన్సిల్ పట్టుకుంటే కొత్తగా నేర్చుకోవాల్సింది ఏముంటుంది?

బ్రూక్లిన్‌లోని బాయ్స్ హైస్కూల్లో ఆయనకి డ్రాఫ్టింగ్ నేర్పారు. అంటే మన మొదటి సంవత్సరం ఇంజనీరింగ్ డ్రాయింగ్ అన్నమాట. టీ స్క్వేరు, సెట్ స్క్వేర్లు, ఫ్రెంచ్ కర్వులు. మనలో సగం మంది షీట్లు పక్కవాళ్ళవి గ్లాస్ మీద పెట్టి దించేసి గట్టెక్కాం. ఆ కుర్రాడికి మాత్రం అది బాగా పట్టింది. ఎంత బాగా అంటే, 1908లో స్కూలు అయ్యేసరికి ఆర్కిటెక్చర్ చదవడానికి స్కాలర్‌షిప్ ఇస్తామన్నారు.

వద్దన్నాడు.

దర్జీ ఇంట్లో పెద్దకొడుకు, ఫీజు లేని సీటు, చదివితే ఖాయమైన ఉద్యోగం. వద్దని బొమ్మలు వేసుకుంటానన్నాడు. మన ఇళ్ళలో అయితే ఆ రాత్రి అన్నం పెట్టేవాళ్ళు కాదు, పెద్దనాన్నలకి ఫోన్లు వెళ్ళేవి. వాళ్ళింట్లో కూడా బాధపడ్డారు. కానీ తర్వాత చేసిన పని చూడండి: ఉన్న చిన్న ఇంట్లోనే సర్దుకుని కొడుకు గదిని బొమ్మలు వేసుకోవడానికి వీలుగా మార్చి ఇచ్చారు. నాలుగేళ్ళు ఆ గదిలోనే పనిచేశాడు. ఆయన జీవితచరిత్రలు రాసినవాళ్ళు ఈ సంగతిని రెండు వాక్యాల్లో దాటేస్తారు. నాకైతే ఆ అమ్మానాన్నల గురించి ఇంకా తెలుసుకోవాలనిపించింది.

గది ఇచ్చారు గానీ డబ్బు ఎవరిస్తారు? అందుకని పగలు ఉద్యోగం. చెక్కుడు పనివాళ్ళ దగ్గర కొన్నాళ్ళు, అడ్వర్టైజింగ్ ఆఫీసులో కొన్నాళ్ళు, ఆ తర్వాత పటాలు, అట్లాసులు అచ్చువేసే సంస్థలో డ్రాఫ్ట్స్‌మన్‌గా కొన్నేళ్ళు. సాయంత్రాలు క్లాసులు. పేరున్న ఆర్టు స్కూళ్ళలో పాత విగ్రహాలు చూసి నెలల తరబడి గీయించడం ఆయనకి పడలేదు. 1912లో ఫెర్రర్ సెంటర్ అనే చోట చేరాడు. అరాచకవాదులు నడిపే స్కూలు అది. అక్కడ రాబర్ట్ హెన్రీ లాంటి వాళ్ళు వచ్చి పాఠం చెప్పేవాళ్ళు, మార్కుల గొడవ ఉండేది కాదు. మధ్యాహ్నం భోజనం వేళల్లో స్టీగ్లిట్జ్ అనే ఫొటోగ్రాఫర్ నడిపే 291 గ్యాలరీకి వెళ్ళి యూరప్ నుంచి వచ్చిన కొత్త బొమ్మలు చూసేవాడు. 1913లో ఆర్మరీ షో జరిగింది, అమెరికా అంతా దాని గురించే మాట్లాడుకుంది. ఆ ఏడే హడ్సన్ నది అవతల న్యూజెర్సీలోని రిడ్జ్‌ఫీల్డ్‌లో చిత్రకారులుండే చోటికి మకాం మార్చాడు. అక్కడ ఆడన్ లక్రోయ్ అనే బెల్జియం కవయిత్రి పరిచయమైంది, 1914లో పెళ్ళి చేసుకున్నారు. ఫ్రెంచి కవిత్వం ఆమె వల్లే తెలిసింది.

1915లో మార్సెల్ డుషాంప్ రిడ్జ్‌ఫీల్డ్‌కి వచ్చాడు. ఆయనకి ఇంగ్లీషు సరిగ్గా రాదు, ఈయనకి ఫ్రెంచి రాదు. ఇద్దరూ నెట్ లేకుండా టెన్నిస్ ఆడారు. ఆ స్నేహం యాభై ఏళ్ళకు పైగా నడిచింది. ఆ ఏడే మాన్ రే ఒక కెమెరా కొన్నాడు, ఫొటోగ్రాఫర్ అవుదామని కాదు, తన పెయింటింగులకి సరైన ఫొటోలు తీసిపెట్టేవాళ్ళు దొరక్క.

1916లో ఒక పెద్ద ఆయిల్ పెయింటింగ్ వేశాడు. తాడు మీద ఆడే అమ్మాయి, ఆమెకి తోడుగా ఆమె నీడలే అన్న అర్థం వచ్చే పేరు. అది తయారైన తీరు తమాషాగా ఉంటుంది. నర్తకి ఆకారాలు రంగు కాగితాల్లో కత్తిరించి అమర్చి చూస్తున్నాడు, నచ్చడంలేదు. కిందికి చూస్తే, కత్తిరించగా పడిన తుక్కు కాగితాలు నేల మీద తమంతట తామే ఏవో ఆకారాలు కట్టి ఉన్నాయి. వాటినే నర్తకి నీడలుగా తీసుకుని బొమ్మ పూర్తిచేశాడు. కత్తిరించిన ముక్క కంటే మిగిలిన ఖాళీ ముఖ్యమైపోయింది. రెండేళ్ళలోపే ఆయన చేతికొచ్చిన పరికరం సరిగ్గా ఈ పనికే పుట్టినట్టుంది.

ఎయిర్‌బ్రష్ అప్పటికే ముప్పై నలభై ఏళ్ళ పాతది. 1879లో అయోవా రాష్ట్రంలో ఆబ్నర్ పీలర్ అనే ఆయన ఒక మొదటి రూపం తయారుచేశాడు. 1893లో చార్లెస్ బర్డిక్ పేటెంటు తీసుకున్న రకమే ఇప్పుడు మన చేతిలో ఉన్నదానికి తాత. పెన్ను ఆకారం, లోపల కొన సన్నబడే సూది, వేలితో నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు. నాజిల్ కొన దగ్గర గాలి వేగంగా దూసుకుపోతుంటే అక్కడ ఒత్తిడి పడిపోయి రంగు బయటికి లాక్కుపోతుంది, సన్న తుంపర అవుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ పేపరు రాసినవాళ్ళకి ఇంతకంటే చెప్పక్కర్లేదు. బర్డిక్ స్వతహాగా వాటర్‌కలర్ వేసేవాడు. లండన్ వెళ్ళి పెట్టిన కంపెనీ పేరు ఏరోగ్రాఫ్. కానీ ఆ రోజుల్లో గ్యాలరీలో వేలాడే బొమ్మకి దీన్ని వాడటమంటే మర్యాద తక్కువ. ఫొటోలకి మెరుగులు దిద్దడానికి, కేటలాగుల్లో యంత్రాల బొమ్మలు నున్నగా మెరిసేలా చెయ్యడానికి వాడే ఆఫీసు పనిముట్టు అది.

మాన్ రేకి కూడా అది కమర్షియల్ ఆర్టు ఉద్యోగంలోనే అలవాటైంది. పగలు జీతం కోసం కొట్టిన తుంపరనే, పని గంటలయ్యాక తన కోసం కొట్టడం మొదలుపెట్టాడు. 1917 నుంచి 1919 దాకా ఈ బొమ్మలు వేశాడు. వాటికి ఏరోగ్రాఫులని పేరు పెట్టుకున్నాడు. 'సూసైడ్', 'సెగిడియా', 'జాజ్', పియానోలా లాంటి వాద్యం సినిమాని మెచ్చుకోవడం అన్న వింత పేరున్న మరొకటి. పద్ధతి ఇది: గట్టి అట్ట మీద స్టెన్సిళ్ళో, డ్రాయింగ్ సామానో, చేతికందిన వస్తువో పెట్టడం. పైనుంచి తుంపర కొట్టడం. కొంచెం జరపడం, మళ్ళీ కొట్టడం. తీసేసరికి వస్తువు ఉన్నచోట తెల్లగా, అంచు దగ్గర చీకటి, దూరమయ్యేకొద్దీ పొగలా కరిగిపోయే నీడ. ఎక్కడా కుంచె గీత కనబడదు. బొమ్మని ముట్టుకోకుండా బొమ్మ వెయ్యడం, చేతితో కాకుండా ఆలోచనతో వేసినట్టు ఉండటం తనకి ఎంత థ్రిల్లిచ్చిందో చాలా ఏళ్ళ తర్వాత ఆత్మకథలో రాసుకున్నాడు.

ఇప్పుడు రంగు సంగతి. ఆయిల్ పెయింటింగులో అంత చెయ్యి తిరిగినవాడు ఎయిర్‌బ్రష్‌కి వచ్చేసరికి గ్వాష్ ఎందుకు పట్టుకున్నాడు? గ్వాష్ అంటే చిక్కటి వాటర్‌కలర్. రంగుపొడి ఎక్కువ, దాన్ని పట్టి ఉంచేది గమ్ అరబిక్, అంటే మన తుమ్మబంక జాతిది. నీళ్ళు పోస్తే ఎంత పలచనైనా అవుతుంది. తుంపరగా పడితే క్షణాల్లో ఆరుతుంది కాబట్టి వెంటనే స్టెన్సిల్ జరిపి మళ్ళీ కొట్టొచ్చు. అదే ఆయిల్ రంగైతే ఆరడానికి రోజులు పడుతుంది, ఆ బొమ్మ మీద రెండో స్టెన్సిల్ పెట్టే ముచ్చటే ఉండదు. ఇంకో సుగుణం, నాజిల్లో గ్వాష్ ఎండిపోయినా నీళ్ళకి మళ్ళీ కరుగుతుంది. దీనికే ఒక లోపం కూడా ఉంది. కుంచెతో రెండో పూత వేస్తే కింది పూత కరిగి లేస్తుంది. కానీ ఎయిర్‌బ్రష్ తుంపర కాగితాన్ని చేరేసరికే సగం ఆరి ఉంటుంది, పైగా దేన్నీ రుద్దదు. అందుకని గ్వాష్‌కి ఉన్న పెద్ద చిక్కు ఈ పరికరంతో చాలావరకు పోతుంది. ఎంత చక్కగా కుదిరిందో చూడండి.

మన చేతిలో ఉన్న 0.2 నాజిల్‌కి వద్దాం. అది 200 మైక్రాన్లు. తెల్లరంగులో వాడే టైటానియం డయాక్సైడ్ రేణువు మైక్రాన్‌లో నాలుగో వంతు ఉంటుంది. అంటే నాజిల్ వెడల్పులో దాదాపు 800 రేణువులు వరసగా పడతాయి. మరి రంగు ఇరుక్కుంటోందంటే నేరం రేణువుది కాదు. సరిగ్గా కలవని ఉండలది, సీసా మూత దగ్గర ఎండి రాలిన పెచ్చులది, గుడ్డ నుంచి పడిన నూలు పోగుది. అందుకని రంగు ఏదైనా సరే, కొత్తవాళ్ళు ముందు వడకట్టడం నేర్చుకోవాలి. టీ వడపోత సరిపోదు. సన్నటి నైలాన్ గుడ్డ కావాలి.

స్టేషనరీ షాపులో దొరికే పోస్టర్ కలర్ గ్వాష్‌కి చుట్టమే. చవకని చాలామంది దాంతోనే మొదలుపెడతారు. అందులో ఖరీదు తగ్గించడానికి కలిపే పొడి కాస్త గరుకు. 0.5 నాజిల్‌లో, పెద్ద బ్యానరు మీద బ్యాక్‌గ్రౌండు కొట్టడానికి బాగానే ఉంటుంది. 0.2లో పొయ్యకండి. కాగితం మీద సన్న పని నేర్చుకోవాలంటే మంచి గ్వాష్ ఒక ట్యూబు, ఎయిర్‌బ్రష్‌కి పనికొచ్చే యాక్రిలిక్ ఇంకు ఒక సీసా చాలు. ఇంకులో రంగు పారదర్శకంగా, చాలా పలచగా ఉంటుంది, వెంట్రుకంత గీతకి దానికి మించింది లేదు. లక్క కలిపిన పాతరకం ఇండియన్ ఇంకు మాత్రం వద్దు, ఎండితే సూదిని పట్టుకుని వదలదు.

మా టీమ్ లాగా ప్లాస్టిక్ మోడళ్ళు వేసేవాళ్ళకి గ్వాష్ పనికిరాదు, ప్లాస్టిక్ మీద నీటిబొట్లలా జారిపోతుంది, ఆరినా గోరు తగిలితే ఊడుతుంది. వాళ్ళకి యాక్రిలిక్ తప్పదు. మాన్ రే రోజుల్లో అది లేదు, చిత్రకారుల యాక్రిలిక్కులు మార్కెట్లోకి వచ్చిందే 1950ల్లో. యాక్రిలిక్ అంటే నీళ్ళలో తేలే ప్లాస్టిక్ బొట్లు. నీళ్ళు ఆవిరవ్వగానే బొట్లు ఒకదానికొకటి అతుక్కుని పొర కడతాయి, ఆ పొర మళ్ళీ నీళ్ళకి కరగదు. ఇదే పని సూది కొన మీద కూడా జరుగుతుంది. కొట్టడం మొదలెట్టిన రెండు మూడు నిమిషాలకి తుంపర తడబడుతుంటే రంగు అయిపోయిందనుకోకండి, సూది కొన మీద మొగ్గ కట్టింది. క్లీనర్‌లో ముంచిన మెత్తటి కుంచెతో తుడిస్తే పోతుంది. రంగులో ఆరుదలని నెమ్మది చేసే రిటార్డర్ ఒకటి రెండు చుక్కలు కలిపితే మొగ్గ ఆలస్యంగా కడుతుంది. వయెహో మోడల్ ఎయిర్ లాంటివి ఎయిర్‌బ్రష్ కోసమే ముందే పలచన చేసి అమ్ముతారు, మొదటి రంగులుగా అలాంటివే మంచివని నా అభిప్రాయం. టమియా యాక్రిలిక్ వేరే జాతి, దానికి దాని థిన్నరో, ఐసోప్రొపైల్ ఆల్కహాలో కావాలి. ఆ ఆల్కహాల్‌ని తీసుకెళ్ళి నీటి రకం యాక్రిలిక్‌లో కలిపితే జిగురుముద్ద అవుతుంది. కాబట్టి ఏదో ఒక రకం ఎంచుకుని దాని థిన్నర్, దాని క్లీనర్‌తోనే కొన్నాళ్ళు ఉండండి. పన్నెండు రంగుల సెట్టు కొనకండి. నలుపు ఒకటి, పారదర్శకమైన రంగు ఒకటి, బూడిదరంగు ఒకటి. తెలుపు ఆఖర్న నేర్చుకోవాలి. రంగుపొడి ఎక్కువ కావడంతో అన్నిటికంటే మొండికేసేది అదే.

చిక్కదనం ఎంత అంటే, కప్పు గోడకి తగిలించినప్పుడు పలచటి పాల లాగా జారాలి, వెనక సన్నటి పొర వదలాలి. గాలి 15 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, రంగు పలచబడేకొద్దీ ఇంకా తగ్గించుకోవచ్చు. ఇంకో మాట ఏ ఫారిన్ పుస్తకంలోనూ కనబడదు: మన మే నెల మధ్యాహ్నం, వర్క్‌షాప్ రేకుల కింద, తుంపర మోడల్‌ని చేరేలోపే పొడి అయిపోయి ఇసుక చల్లినట్టు పడుతుంది. రంగుని తిట్టి లాభం లేదు, పొద్దున్నే లేచి కొట్టుకోవడమే. మాస్కు తప్పనిసరి, సర్జికల్ మాస్కు కాదు, ఫిల్టరున్నది. సీసా మీద కాడ్మియం అని ఉంటే దాన్ని తుంపర చెయ్యకండి. లాకర్ రకాలు హాస్టల్ గదిలో అసలు ముట్టుకోవద్దు, వాసన ఒకటే కాదు, నిప్పు కూడా.

సరే, మాన్ రే దగ్గరికి వద్దాం. 1919లో న్యూయార్క్‌లోని డేనియల్ గ్యాలరీలో ఈ ఏరోగ్రాఫులు పెట్టాడు. విమర్శకులు విరుచుకుపడ్డారు. కళలోకి యంత్రాన్ని తెచ్చి దాన్ని దిగజార్చాడని వాళ్ళ ఆరోపణ. చెయ్యి లేని చోట కళ ఎక్కడుంటుందన్నది వాళ్ళ లెక్క. ఆ మాటకొస్తే కుంచె కూడా పనిముట్టే, పంది వెంట్రుకలు కట్టిన కర్ర. ఈ తగువు పాతబడిందనుకుంటాం గానీ లేదు. పోయిన ఏడాది ఒక కాలేజీ ఫెస్ట్‌లో పెయింటింగ్ పోటీకి నేను ఎయిర్‌బ్రష్ బొమ్మ ఇస్తే, మెషీన్‌తో వేసింది కాబట్టి పెయింటింగ్ కాదని క్రాఫ్ట్ టేబుల్ మీదకి మార్చారు. స్టెన్సిల్ కత్తిరించడానికి నాకు నాలుగు రాత్రులు పట్టింది. ఆ నాలుగు రాత్రుల్ని ఏ టేబుల్ మీద పెట్టాలో నాకు ఇప్పటికీ తెలీదు. ఇప్పుడు ఏఐ బొమ్మల మీద మన గ్రూపుల్లో జరిగే గొడవ కూడా చూస్తున్నాం. నేను రెండూ ఒకటే అనను. మాన్ రే స్టెన్సిల్ తనే కత్తిరించాడు, తుంపర ఎక్కడ ఆపాలో తన వేలే నిర్ణయించింది. కానీ పనిముట్టు పేరు చూసి తీర్పు చెప్పేవాళ్ళ తొందర మాత్రం అప్పుడూ ఇప్పుడూ ఒకటే.

ఆ 1919లోనే ఆడన్‌తో విడిపోయాడు. ఆ తర్వాత ఏడు డుషాంప్, క్యాథరిన్ డ్రయర్‌లతో కలిసి సొసైటీ అనోనిమ్ పెట్టి న్యూయార్క్‌లో కొత్త కళ చూపించాలని ప్రయత్నించాడు. ఊరు పెద్దగా పట్టించుకోలేదు. 1921 జూలైలో పారిస్ చేరాడు. ఆ డిసెంబర్‌లో అక్కడ మొదటి ప్రదర్శన. ప్రారంభం రోజున సంగీతకారుడు ఎరిక్ సాటీతో కలిసి బయటికెళ్ళి ఒక ఇస్త్రీపెట్టె కొని, దాని అడుగున వరసగా మేకులు అతికించి, బహుమతి అని పేరుపెట్టి ప్రదర్శనలో పెట్టేశాడు. సాయంత్రానికి అది మాయమైంది. దర్జీ కొడుకు ఇస్త్రీపెట్టెకి మేకులు కొట్టడం గురించి ఎన్ని వ్యాసాలైనా రాయొచ్చు, నేను రాయను.

పారిస్‌లో పొట్ట గడవడానికి ఫొటోలు. పేరు తెచ్చిందీ అవే. అక్కడే చీకటిగదిలో ఒకసారి, వెలుతురు తగలని కాగితం ఒకటి పొరపాటున డెవలపర్‌లో పడింది. బొమ్మ రాలేదు. దాని మీద అక్కడున్న గాజు సామాను పెట్టి లైటు వేశాడు. వస్తువులున్న చోట తెల్లటి ఆకారాలు, చుట్టూ నలుపు, అంచుల్లో కరిగే నీడలు తేలాయి. వాటికి రేయోగ్రాఫులని పేరు పెట్టి 1922లో పన్నెండింటిని పుస్తకంగా వేశాడు. కెమెరా లేకుండా ఫొటో తియ్యడం అంతకుముందు ఇతరులు చేసిందే. కానీ ఏరోగ్రాఫులు చూసినవాళ్ళకి ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందో వెంటనే తెలుస్తుంది. వస్తువు పెట్టడం, జరపడం, ముట్టుకోకపోవడం, అన్నీ అవే. రంగు తుంపర బదులు వెలుతురు తుంపర, అంతే తేడా. అనుకోకుండా దొరికిందని అందరూ రాస్తారు. ఆ కాగితం అంతకుముందు మూడేళ్ళు అదే పని రంగుతో చేసినవాడి చేతిలో పడింది కాబట్టి దొరికింది అని నేనంటాను.

1920లు, 30లు ఆయనకి బాగా కలిసొచ్చాయి. జాయిస్, పికాసో, హెమింగ్వే, ఆ రోజుల పారిస్‌లో పేరున్నవాళ్ళంతా ఆయన కెమెరా ముందు కూర్చున్నారు. 1930 ప్రాంతంలో ఇందౌర్ మహారాజు యశ్వంత్‌రావ్ హోల్కర్, రాణి సంయోగితాదేవి కూడా. లీ మిల్లర్‌తో కలిసి సోలరైజేషన్ అనే పద్ధతిని సాధించాడు. ఈఈఈ వాళ్ళ కోసం ఒకటి: 1931లో పారిస్ కరెంటు పంపిణీ సంస్థ తమ ప్రచారానికి ఆయన చేత పది రేయోగ్రాఫులు చేయించుకుంది. బల్బులు, వైర్లు, ఇస్త్రీపెట్టె, ఫ్యాను, ఇంట్లో కరెంటుతో నడిచేవన్నీ. ట్రాన్స్‌కో క్యాలెండరుకి అలాంటివి చేయిస్తే ఎలా ఉంటుందో ఊహించుకుని కాసేపు నవ్వుకున్నాను.

ఇంత పేరొచ్చినా పెయింటింగ్ మానలేదు. లీ మిల్లర్ వెళ్ళిపోయాక, ఆకాశంలో పడుకున్నట్టున్న పెద్ద పెదవుల బొమ్మ ఒకటి ఎనిమిది అడుగుల వెడల్పున వేశాడు. 1932 నుంచి 1934 దాకా పట్టింది. కాన్వాసు మంచం పైన గోడకి వేలాడదీసి, రోజూ పొద్దున బయటికెళ్ళే ముందు కాసేపు దాని మీద పనిచేసేవాడు. ఆ పని చూస్తే నాకు మళ్ళీ ఆఫీసు అయ్యాక ఎయిర్‌బ్రష్ పట్టుకున్న కుర్రాడే కనిపిస్తాడు.

1930ల మధ్యలో పారిస్‌లోని అన్రి పోయంకరే ఇన్‌స్టిట్యూట్‌లో దుమ్ముపట్టి ఉన్న గణిత మోడళ్ళని ఫొటోలు తీశాడు. ప్లాస్టరుతో, కర్రతో, తీగలతో చేసిన సమీకరణాల ఆకారాలు. మనం ఎం-2లో బోర్డు మీద గీసి చెరిపేసేవే. 1940లో జర్మన్లు రాగానే లిస్బన్ మీదుగా అమెరికా పారిపోవాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళ పని చాలావరకు వెనక వదిలేశాడు. హాలీవుడ్‌లో పదకొండేళ్ళున్నాడు. జూలియెట్ బ్రౌనర్ అక్కడే పరిచయమైంది, 1946లో పెళ్ళి. ఆ గణిత ఫొటోల్ని చూసుకుంటూ అక్కడే పెయింటింగులు వేసి, ఒక్కోదానికి ఒక్కో షేక్‌స్పియర్ నాటకం పేరు పెట్టాడు. 1948లో బెవర్లీ హిల్స్‌లో వాటిని చూపించిన ప్రదర్శనకి, ఎవరూ గమనించకుండా కొనసాగుతుంది అన్న అర్థం వచ్చే పేరు పెట్టాడు. అక్కసే అయినా నవ్వుతూ వెళ్ళగక్కాడు.

1951లో పారిస్ తిరిగొచ్చి ఫేరూ వీధిలో ఒక స్టూడియో తీసుకున్నాడు. 1963లో ఆత్మకథ వచ్చింది. ఫొటోల గురించి ఎవరైనా అడిగితే మాట పెయింటింగుల వైపు తిప్పేవాడట. 1976 నవంబర్ 18న, 86 ఏళ్ళ వయసులో పోయాడు. మోంపార్నాస్ శ్మశానంలో సమాధి ఉంది. 1991లో జూలియెట్‌ని కూడా అక్కడే పక్కన పెట్టారు.

ఏరోగ్రాఫులు ఒక్కచోట లేవు. 'సూసైడ్' హ్యూస్టన్‌లోని మెనిల్ కలెక్షన్‌లో ఉంది, 'జాజ్' ఒహాయోలోని కొలంబస్ మ్యూజియంలో, 'సెగిడియా' వాషింగ్టన్‌లోని హిర్ష్‌హార్న్‌లో, సినిమాని మెచ్చుకునే వాద్యం న్యూయార్క్ మోమాలో. ఎంఎస్‌కి వెళ్ళిన మన సీనియర్లు ఈ నాలుగు ఊళ్ళలోనూ ఉన్నారు. కాగితం, అట్టల మీద వేసిన గ్వాష్‌కి వెలుతురు ఎక్కువ తగలకూడదు, అందుకని ఏడాది పొడుగునా గోడ మీద ఉంచరు. వెళ్ళేముందు ప్రదర్శనలో ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి. వెళ్తే స్టెన్సిల్ అంచులు దగ్గరగా చూసి, నీడ ఎన్ని పూతల్లో కట్టాడో లెక్కపెట్టి నాకు మెసేజ్ చెయ్యండి. ఫొటోల్లో ఎంత జూమ్ చేసినా అది తెలీడంలేదు.